బర్ఫ్ మజ్దూర్ల తారీఖ్

ఉర్దూలో 'తారీఖ్' అంటే చరిత్ర, తేదీ కూడా. 2014లో ఎవరెస్ట్ మీద రెండు తారీఖులు పడ్డాయి. మన ఇళ్లల్లో ఒకటే యాదికుంది.

మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి శిఖరం ఎక్కారు. ఇద్దరూ గురుకుల విద్యార్థులే. పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ హౌస్లాకు సలాం.

రెండో తారీఖు ఏప్రిల్ 18. నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్ అనే చోట బర్ఫ్ నదిలా మెల్లగా కిందికి జారుతుంటుంది. అందుకే అక్కడ పగుళ్లు, గోడలంత గడ్డలు. ఎండాకాలం మొదట్లో రాత్రి చలికి ఆ బర్ఫ్ బిగుసుకుంటుంది, ఎండ తగిలితే వదులవుతుంది. అందుకని మూటలు మోసే మజ్దూర్లు చీకట్లోనే బయల్దేరుతారు. ఆ రోజు పొద్దున ఏడు కాకముందే పైనుంచి పెద్ద గడ్డ విరిగిపడింది. 16 మంది నేపాలీ మజ్దూర్లు చనిపోయారు. ముగ్గురి మయ్యత్‌లు దొరకనే లేదు.

ఈ మాట బెల్లంపల్లి వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మా బొగ్గు బాయిల్లో రూఫ్‌ను రాడ్‌తో తట్టి చూసేవాళ్లు. డొల్ల శబ్దమొస్తే ఖతరా. అన్నీ చూసుకున్నా బండ కూలిన రోజులున్నాయి. బర్ఫ్ కూడా అంతే: ఎంత ఎహ్తియాత్ ఉన్నా కొంత ఖతరా మిగులుతుంది. ఆ మిగిలింది ఎప్పుడూ మజ్దూర్ నెత్తి మీదే.

నేపాల్ సర్కార్ మొదట ఒక్కో కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు ఇస్తామంది. షెర్పాలు అది బేఇజ్జతీ అన్నారు. పని బంద్ పెట్టారు. ఆ సీజన్‌లో అటువైపు ఎక్కుడు దాదాపు ఆగిపోయింది. చివరికి సర్కార్ బీమాను 15 లక్షల నేపాలీ రూపాయలకు పెంచడానికి ఒప్పుకుంది. అది ఖైరాత్ కాదు, కొట్లాడి తెచ్చుకున్న హక్.

పూర్ణ గెలుపును తక్కువ చేయడానికి ఇది రాయలేదు. ఎవరెస్ట్‌కు ఎటునుంచి ఎక్కినా తాళ్లు కట్టేది, మూటలు మోసేది ఎక్కువగా షెర్పాలు, టిబెటన్లే. మన బచ్చాలకు మే 25 చెప్పేటప్పుడు ఏప్రిల్ 18 కూడా చెప్పండి. బొగ్గు తవ్విన తాతల మనవళ్లకు ఆ తారీఖు తొందరగానే సమఝ్ అవుతుంది.