సాగర్ ఒడ్డున పవర్ హౌస్

నిజాం టంకశాల ఒకప్పుడు పాతబస్తీలో, సుల్తాన్‌షాహీలో ఉండేది. 1903లో కొత్త యంత్రాలతో మూసీ దాటి సైఫాబాద్‌కు వచ్చింది. ఆ తర్వాత 1920లో దానికి దగ్గర్లోనే, హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలిసింది.

అది హైదరాబాద్ మళ్లీ లేచి నిలబడుతున్న కాలం. 1908 వరద మూసీ రెండు ఒడ్లనూ ఊడ్చేసింది. ఊరిని తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. వరదకు అడ్డుగా ఉస్మాన్ సాగర్ కట్టారు. నది ఒడ్డున హైకోర్టు భవనం లేచింది. ఇన్ని కడుతున్న ఊరు నూనె దీపాలతో ఎన్నాళ్లని సరిపెట్టుకుంటుంది?

నిజాం రాజ్యంలో బొగ్గుకు కొదవ లేదు. ఇల్లెందులో 1889 నుంచే తవ్వుతున్నారు, రైలు మార్గమూ ఉంది. అయితే థర్మల్ కేంద్రానికి బొగ్గెంత ముఖ్యమో నీళ్లూ అంతే. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. తిప్పి బయటికొచ్చిన ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరు చేయాలి. అందుకు ఎడతెగకుండా చల్లటి నీళ్లు కావాలి. అవి పక్కనే ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, నీటి అవసరాల కోసం కట్టిన చెరువు మూడున్నర శతాబ్దాల తర్వాత కరెంటుకూ అక్కరకొచ్చింది! ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

కేంద్రం సామర్థ్యం 22.5 మెగావాట్లు. 1971లో రామగుండంలో మొదలైన ఒక్క యూనిట్టే 62.5 మెగావాట్లు. గనుల దగ్గరే పెద్ద కేంద్రాలు వచ్చాక, ఊరి నడుమ బొగ్గు కాల్చి పొగా బూడిదా భరించాల్సిన అవసరం లేకపోయింది. పవర్ హౌస్ మూతపడింది. 1995లో కూల్చేశారు. ఆ ప్రాంతంలోనే ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ఉన్నాయి.

మూసేయడం సబబే. చెరువు ఒడ్డున పొగ ఇంకా ఉండాలని ఎవరూ కోరరు. కానీ మూసేయడం వేరు, ఆనవాలు లేకుండా చేయడం వేరు. సైఫాబాద్ టంకశాల కూడా నాణేల పని ఆపేసిందే. నాణేల తయారీ చర్లపల్లికి వెళ్లినా పాత భవనం నిలిచింది, 2022లో మ్యూజియంగా తలుపులు తెరిచింది. పవర్ హౌస్‌కూ ఆ పాటి మర్యాద దక్కాల్సింది. ఒక్క పొగగొట్టాన్నైనా ఉంచి, దాని కింద ఒక టర్బైన్ పెట్టి ఉంటే, మల్టీప్లెక్స్‌కు వచ్చే పిల్లలు తమ ఊరికి కరెంటు ఎలా వచ్చిందో చేత్తో తాకి తెలుసుకునేవాళ్లు.