సముద్రానికి షికారా?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి సెలవు అనగానే ఒక బొమ్మ ఫిక్సయిపోయింది. నీలం నీళ్ళు, తెల్లటి ఇసక, రెండు పడక కుర్చీలు, చేతిలో కొబ్బరి బోండాం. రిలీజ్ అయిపోయిన మర్నాడు పెళ్ళైన ప్రతివాడి బ్రౌజర్లోనూ అదే బొమ్మ. మాల్దీవులు, అండమాన్, ఫుకెట్, బాలి.. ఊరి పేరు మారుతుంది గానీ బొమ్మ మారదు.

ఆ లెక్కన ఈ మధ్య నేనూ మా ఆవిడా వెళ్ళింది కూడా ఒక దీవికే. అది కూడా వేడి దేశపు దీవే. కాకపోతే పాస్‌పోర్ట్ అక్కర్లేదు. హైదరాబాదులో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి గుడివాడ. అక్కణ్ణించి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, మధ్యలో వదిలేసిన నేల దివిసీమ. రెండు వైపులా నది, మూడో వైపు సముద్రం. పేరులోనే దివి ఉంది.

గుడివాడలో మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మగారింట్లో టిఫిన్ చేశాం. మా ప్లాను విని ఆవిడ ఇడ్లీ వడ్డించే చెయ్యి ఆపేసి, "సముద్రానికి షికారేంటే? స్నానానికెళ్తారు, అస్థికలు కలపటానికెళ్తారు. రెండ్రోజులు ఊరికే కూచోటానికి ఎవరన్నా వెళ్తారా?" అన్నారు మనవరాలితో.

పెద్దావిడ చాదస్తం అని నవ్వేసి వదిలెయ్యొచ్చు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక డెబ్భై ఏళ్ళు సముద్రానికి ఇంత దగ్గర్లో బతికిన మనిషికి, ఒడ్డున తీరిగ్గా కూర్చోవటం ఎందుకంత వింతగా అనిపించింది? దీనికి జవాబు ఆవిడ దగ్గర కన్నా ఈ తీరం చరిత్ర దగ్గర ఎక్కువుంది.

ముందు అసలు ఈ బీచి వెకేషన్ అనేది ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. ఇదేదో మనిషికి పుట్టుకతో వచ్చిన కోరిక అనుకుంటాం గానీ, కాదు. దీనికి వయసుంది, 270 ఏళ్ళు, కాస్త అటూ ఇటూగా. అంతకుముందు యూరప్ వాళ్ళక్కూడా సముద్రం అంటే తుఫాన్లూ, ఓడలు మునగటాలూ, దొంగలూనూ. 1750ల్లో ఇంగ్లండులో రిచర్డ్ రస్సెల్ అని ఒక డాక్టరు సముద్రంలో మునిగితే జబ్బులు తగ్గుతాయనీ, ఆ నీళ్ళు తాగినా మంచిదేననీ ప్రచారం చేశాడు. దాంతో బ్రైటన్ అనే జాలరి పల్లెకి ముందు రోగులొచ్చారు, తరవాత రాజుగారి కొడుకొచ్చాడు, 1841లో లండన్ నుంచి రైలొచ్చాక ఊళ్ళో జనమంతా వచ్చారు. వైద్యం కాస్తా విలాసం అయింది. మన బొమ్మలో ఉన్న మాల్దీవుల సంగతైతే మరీ కొత్త. అక్కడ మొట్టమొదటి రిసార్ట్ తెరిచింది 1972లో. అంటే మన నాన్నల కన్నా చిన్నది!

ఇక్కడో తమాషా ఉంది. బ్రైటన్లో దొరలు ఉప్పునీళ్ళ వైద్యం మొదలెట్టిన ఆ పదేళ్ళల్లోనే, వాళ్ళ తమ్ముళ్ళు మన బందరులో ఫ్రెంచివాళ్ళతో తన్నుకుంటున్నారు. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్నాడు. సముద్రం ఒకటే, ఒకచోట మందు, ఇంకోచోట మందుగుండు.

నిజానికి ఈ తీరానికి సేద తీరటానికి వచ్చినవాడంటూ ఎవడూ లేడు. రెండో శతాబ్దంలో టాలమీ ఈ సీమని మైసోలియా అన్నాడు. ఆయన చెప్పిన కంటకస్సుల అనే రేవుపట్నం మన ఘంటసాలే అని చరిత్రకారుల మాట. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో బందరు వాళ్ళ ప్రధాన రేవు. కలంకారీ బట్టలు ఇక్కణ్ణించి పర్షియా దాకా వెళ్ళేవి. 1605లో డచ్చివాళ్ళొచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళొచ్చారు, ఆ తరవాత ఫ్రెంచివాళ్ళొచ్చారు. 1717లో ఢిల్లీలో ఫరుఖ్ సియార్ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన ఫర్మానాల్లో ఈ దివి దీవి ప్రస్తావన కూడా ఉంది. చక్రవర్తి దాకా వెళ్ళిన దీవే మనది, అయితే కౌలు లెక్కల్లో వెళ్ళింది. వచ్చిన యూరప్ వాళ్ళల్లో చాలామంది ఇక్కడే పోయారు. రెండో రోజు మేం బందరులో డచ్చివాళ్ళ సమాధులు చూశాం. రాతి మీద వంశ చిహ్నాలు, చక్కటి అక్షరాలు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఆన్‌సైట్ వచ్చి తిరిగి వెళ్ళనివాళ్ళన్నమాట.

మన భాష చూడండి. రేవు, తిప్ప, దిబ్బ, లంక, పర్ర, కయ్య, కరకట్ట, మడ.. ఈ నేలకి ఎన్ని మాటలున్నాయో! ప్రతి మాటా ఏదో ఒక పనికో, పంటకో, ప్రమాదానికో సంబంధించింది. ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చునే చోటుకి మాత్రం సొంత మాట లేదు. దానికి 'బీచి' అని అప్పు తెచ్చుకున్నాం. అలాగని మనవాళ్ళకి సముద్రంలో మునగటం తెలీదని కాదు. మాఘ పౌర్ణమికి హంసలదీవి సంగమంలో, మంగినపూడిలో వేలాది మంది మునుగుతారు. దానికి రస్సెల్ డాక్టరు చీటీ అక్కర్లేకపోయింది. కాకపోతే మునగటం, దణ్ణం పెట్టుకోవటం, ఇంటికి రావటం. రాత్రికి అక్కడ ఉండటం లేదు.

ఎందుకు లేదు? ఇక్కడే అసలు విషయం ఉంది. మంగినపూడిలో ఇసక నల్లగా ఉంటుంది, మట్టి కలిసిన ఇసక. నీళ్ళు చాలా దూరం దాకా లోతుండవు. నడుస్తూ నడుస్తూ పోతే ఎంతకీ నడుం దాటదు. పిల్లల్ని తీసుకెళ్ళటానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. కృష్ణ, గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల అడుగు అలా మెల్లగా పల్లమౌతూ పోతుంది. కానీ ఈ లోతు లేకపోవటం వల్లే పెద్ద ఓడలు బందరు ఒడ్డుకి రాలేక మైళ్ళ దూరంలో లంగరేసేవి. సరుకంతా చిన్న పడవల్లో చేరెయ్యాల్సొచ్చేది. 1933లో విశాఖలో హార్బరు తెరిచాక ఇక బందరు సంగతి చెప్పక్కర్లేదు. 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి గానీ, అక్కడా అడుగు తవ్వి లోతు చెయ్యటమే పెద్ద పని.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డుకేసి తోస్తుంది. లోతుంటే ఆ నీళ్ళు అడుగు నుంచి వెనక్కి పోతాయి. లోతు లేకపోతే పోవటానికి చోటుండదు, పైకి లేస్తాయి. అదే ఉప్పెన. మన భాషలో చెప్పాలంటే మంగినపూడి ఫీచరూ, దివిసీమ బగ్గూ ఒకే లైన్ కోడ్. ఒకటి తీసేసి ఒకటి ఉంచుకోవటం కుదరదు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరుని ఊడ్చేసింది. పోయినవాళ్ళు సుమారు 30,000 మంది అని లెక్క. ఒక్క రాత్రిలో. మళ్ళీ అదే నెలలో, 113 ఏళ్ళ తరవాత, 1977 నవంబరు 19 శనివారం, దివిసీమ. నీళ్ళు దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచాయి. అక్కడివాళ్ళు తాటిచెట్టంత అల అంటారు. అధికారిక లెక్క పది వేల మంది దాకా, అంతకన్నా ఎక్కువే అనేవాళ్ళూ ఉన్నారు. సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎవరు పోయారు అని చూస్తే ఎక్కువమంది సముద్రానికి దగ్గరగా పాకల్లో ఉన్నవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, కూలీలు. హెచ్చరికలు అసలు లేక కాదు. ఆ హెచ్చరిక పాక దాకా చేరలేదు. చేరినచోట పరిగెత్తటానికి రోడ్డు లేదు, ఎక్కటానికి మేడ లేదు.

గుడివాడలో ఆ వారమంతా ఇంటింటా అన్నం పొట్లాలు కట్టి లారీల్లో దివికి పంపారట. అమ్మమ్మగారు ఆ పొట్లాలు కట్టినావిడే. లారీతో పాటు వెళ్ళొచ్చిన తాతగారు అక్కడ ఏం చూశారో ఎప్పుడూ చెప్పలేదట. ఆ ఏడాదంతా ఇంట్లో చేప వండనివ్వలేదు, అంతే. సముద్రానికి షికారేంటి అని అడిగింది ఆ ఇంటి ఇల్లాలు. అది చాదస్తం కాదు, అనుభవం.

మరి మేమెలా వెళ్ళి కూర్చోగలిగాం? 1977కీ ఇప్పటికీ సముద్రం మారలేదు, మనుషుల ఏర్పాటు మారింది. దానికి రుజువు 1990 మే 9. ఆరోజు కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటిన తుఫాను, బలంలో 1977 దానికి ఏమాత్రం తీసిపోయేది కాదు. కానీ ముందుగానే ఆరు లక్షలకి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యికి లోపు. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు, కానీ పదమూడేళ్ళల్లో పదో వంతుకి తగ్గింది. ఆ తేడా దేవుడిచ్చింది కాదు. బందరులో రాడార్, తీరమంతా తుఫాను షెల్టర్లు, పాకల బదులు పక్కా ఇళ్ళు, కరకట్ట మీద రోడ్డు, మండలాఫీసులో రాత్రంతా కూర్చున్న ఉద్యోగులు, వీళ్ళందరూ ఇచ్చింది. మనలో ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి ఈ పని సంగతి తెలుసు. బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి అసలు వీళ్ళెందుకు అని అడుగుతారు :)

అన్నిటికీ ఏర్పాటు ఉందనుకుంటే పొరపాటని 2004 డిసెంబరు 26 చెప్పింది. ఆదివారం, పౌర్ణమి, మంగినపూడిలో స్నానాలకి జనం. సునామీకి అప్పటికి మన దగ్గర హెచ్చరిక వ్యవస్థే లేదు. రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. అదే రోజు, అదే సునామీ మాల్దీవులనీ ముంచింది. మన బొమ్మలోని దీవీ, మన దివీ ఆ ఒక్కరోజు ఒకే నీళ్ళల్లో ఉన్నాయి. ఆ తరవాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. ఎక్కడో తెలుసా? సముద్రం లేని మన హైదరాబాదులో, ప్రగతి నగర్లోని ఇంకాయిస్‌లో. కూకట్‌పల్లిలో ఉంటూ రోజూ ఆ పక్కనుంచే వెళ్ళే సాఫ్ట్‌వేర్ వాళ్ళెంతమందో!

ఇంతకీ మేం రెండ్రోజులూ ఏం చేశామంటే, పెద్దగా ఏమీ చెయ్యలేదు. హంసలదీవిలో వేణుగోపాలస్వామిని చూసి, సంగమం దాకా వెళ్ళి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. నది ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో మా ఆవిడ చూపిస్తానంది, రెండుసార్లు చూపించింది, రెండుసార్లూ వేరే చోటు. నాగాయలంకలో పడవెక్కి మడ అడవి చూశాం. బావురు పిల్లి కనపడుతుందేమో అని నోరు మూసుకుని కూర్చున్నాం, కనపడలేదు. రాత్రి అవనిగడ్డలో పీతల కూర. ఫోన్లో సిగ్నల్ వచ్చినా తీసి చూడలేదు, అది మా ఇంట్లో రికార్డు.

పడవాయన మడ చెట్ల వేళ్ళు చూపించి, "ఇవున్న చోట నీళ్ళు కాస్త ఆలోచిస్తాయండి" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. 1990ల నుంచి రొయ్యల చెరువుల కోసం ఈ తీరంలో చాలాచోట్ల మడ కొట్టేశారు. ఇప్పుడు రిసార్టుల వంతు రావచ్చు. రావొద్దని నేననను, దివి కుర్రాళ్ళకి ఉద్యోగాలొస్తాయి. కానీ గదిలోంచి సముద్రం బాగా కనపడాలని మడ కొట్టి, ఒడ్డుకి ఆనించి కట్టే కాటేజీ ఉంటుంది చూశారూ, అది 1977లో పాక ఉన్న చోటే ఉంటుంది. అద్దె మాత్రమే ఎక్కువ.

వెళ్దామనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. అక్టోబరు, నవంబరు వద్దు. సంక్రాంతి తరవాత బావుంటుంది, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా అదే. సంగమం దగ్గర లాగుడెక్కువ, మునగాలనుంటే మంగినపూడికి పోండి. మనది తూర్పు తీరం, సాయంత్రం సూర్యుడు సముద్రంలో మునిగే ఫొటో రాదు, పొద్దున్నే లేవాలి. దార్లో అవనిగడ్డకి ముందు పులిగడ్డ దగ్గర ఉప్పెన మృతుల స్మారక స్తంభం ఉంది, నీళ్ళు అంతదాకా వచ్చాయని గుర్తు. అక్కడ సముద్రం కనపడదు, అల కూడా వినపడదు. బండి ఆపి ఒకసారి చుట్టూ చూడండి.

మీ ఇళ్ళల్లో దివి వైపు పెద్దవాళ్ళుంటే 77 గురించి అడిగి రాసి పెట్టుకోండి. ఆ రాత్రి బాగా గుర్తున్నవాళ్ళు ఇప్పుడు యాభై దాటినవాళ్ళే.