ప్రాణహితా తీర భూచరిత్ర – సరిహద్దు తెలుగు బాలుని విజ్ఞాన పాఠము

మానవుని జ్ఞాపకమునకు అందని ప్రాచీనతను చెప్పవలసి వచ్చినపుడు మన పూర్వులు ‘రాక్షసి’ అను మాటను ఆశ్రయించిరి. పెద్ద రాతిపలకలు నిలిపి కట్టిన పురాతన సమాధులు వారికి రాక్షసిగూళ్ళు. భూగర్భమునుండి త్రవ్వితీయు నేలబొగ్గు రాక్షసిబొగ్గు. డైనోసారు అను జంతువును మన పాఠ్యపుస్తకములలో పేర్కొనవలసి వచ్చినపుడును ఆ సంప్రదాయమే నిలిచి, అది రాక్షసిబల్లి యైనది. ఈ మూడు మాటలను చూచినపుడు, కాలము మిక్కిలి లోతైనదను ఊహ మన భాషకు క్రొత్తది కాదని తోచుచున్నది. ఆ లోతును కొలుచు విద్య మాత్రమే క్రొత్తది.

మహారాష్ట్రమునందలి ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో నేను తెలుగు బోధించుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు సెలవులో నుండగా పదవ తరగతికి జీవపరిణామ పాఠమును చదివి వినిపించు పని నాకు అప్పగింపబడినది. పాఠము సగమైనను కాలేదు, ఒక విద్యార్థి లేచి, “సార్, పరిణామమంటే ఫలితమే గదా? ఇది దేని ఫలితం సార్?” అని ప్రశ్నించెను. బాలుడు చెప్పినది తప్పు కాదు. మరాఠీలో ‘పరిణామ్’ అనగా ఫలితమే. మనము పరిణామమని పిలుచు దానిని వారు ‘ఉత్క్రాంతి’ అందురు. ఆ ఉత్క్రాంతిని మన నిఘంటువులో వెదకినచో ‘పైకి పోవుట’, ‘ప్రాణము పోవుట’ అను అర్థములు కనిపించును.

ఈ చిక్కు మహారాష్ట్రమున నివసించు వారికి మాత్రమే కలిగినది కాదు. కర్ణాటకమున చదువు మన పిల్లలకు అది ‘వికాస’, ఒడిశాలో ‘వివర్తన’. తమిళనాట మాత్రము మనకు పరిచితమైన ‘పరిణామమ్’. మన ‘శిలాజము’ మరాఠీలోను ఒడియాలోను జీవాశ్మమగును. కన్నడమున ‘పళెయుళికె’ యగును. తమిళమున ‘పుదైపడివమ్’ అగును. ఇంటిలో ఒక మాట, బడిలో ఒక మాట, పై చదువులలో ఆంగ్లపు మాట. ఈ మూడింటి నడుమ విషయమే జారిపోవు అపాయము కలదు. దీనికి పదముల పట్టిక ఒక్కటే చాలదనియు, పదమునకు వెనుక పిల్లవాడు చేతితో తాకదగిన రాయి ఉండవలెననియు ఈ వ్యాసమున నేను చెప్పదలచినాను. అట్టి రాళ్ళకై దూరదేశములకు పోనక్కరలేదు. ప్రాణహిత గోదావరిలో కలియు మన సరిహద్దు సీమయే భారత భూచరిత్రలో ముఖ్యమైన పుటలలో నొకటి.

సిరొంచ సీమ

సిరొంచ నేడు మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లాలోని తాలూకా. ఏటికి ఆవలి ఒడ్డున కాళేశ్వర క్షేత్రము. 1860లో ఈ ప్రాంతము నిజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయుల వశమైన పిదప సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణముగా నుండి, 1874లో చాందా జిల్లాలో కలిసినది. 1982లో గడ్చిరోలి జిల్లా వేరుపడినది. పాలనలు మారినను ఇచటి గ్రామములలో తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నిలిచియున్నవి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరములకై ఈ రెండు ఒడ్డులకును వచ్చిన యాత్రికులలో మన పాఠకులును కొందరు ఉండియుందురు.

వారు స్నానమాడిన ఏటి పరిసరములలోనే కోట అను చిన్న గ్రామము కలదు. భూవిజ్ఞానులకు ఆ పేరు లోకప్రసిద్ధము. ఏలయన, సుమారు 18 కోట్ల సంవత్సరముల క్రిందట ఏర్పడిన రాతిపొరలకు ‘కోట స్తరములు’ అని ఈ గ్రామము పేరే పెట్టబడినది. ఆ కాలమును ఊహించుటకు నేను తరగతిలో ఒక లెక్క చేయింతును. పుష్కరము పన్నెండేండ్లకు ఒకసారి వచ్చును గదా! 18 కోట్లను పన్నెండుచే భాగించినచో ఒక కోటి ఏబది లక్షల పుష్కరములు. అంకెలను చూచి బెదరిన బాలుడు పుష్కరముల లెక్క చెప్పగానే ఏటిని తలచుకొని నవ్వును. నవ్విన పిమ్మట ఆలోచించును.

చేపలు, పండ్లు, బల్లులు

ఈ సీమలోని శిలాజముల ఎరుక ఇటీవలిది కాదు. కోట సున్నపురాతిలో దొరికిన చేపల శిలాజములు 1851లోనే లండను భూవిజ్ఞాన సంఘపు పత్రికలో వర్ణింపబడినవి. నాగపురమున నివసించిన స్టీఫెన్ హిస్లాప్ అను మతబోధకుడు తీరిక సమయములలో రాళ్ళను సేకరించుచు, ఆదిలాబాదు ప్రాంతమునందలి మాలేరి గ్రామపు ఎఱ్ఱమట్టి పొరలనుండి వచ్చిన ఎముకలను, దంతములను పండితుల దృష్టికి తెచ్చెను. 1863లో ఆయన నీటిలో మునిగి మరణించెను. పిమ్మట భూవిజ్ఞాన పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ప్రాణహితా గోదావరీ లోయను సర్వే చేసి 1881లో ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. 1871లో ఇల్లందు చెంత సింగరేణి బొగ్గును కనుగొన్నవాడును ఆయనయే.

మాలేరి దంతముల కథ మిక్కిలి రమ్యమైనది. అవి సెరటోడస్ అను చేపవి. ఆ చేప రాతిలో దంతములుగా మాత్రమే పండితులకు తెలియును. ఆ జాతి ఏనాడో నశించినదని అందరును తలచిరి. అట్లుండగా 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదులనుండి ఒక చేప దొరికినది. దాని పండ్లు ఆ శిలాజపు పండ్లను పోలియుండెను. మొప్పలతోపాటు ఊపిరితిత్తి గల చేప అది. గోదావరి చెంత రాయియైన వంశపు జ్ఞాతి దక్షిణ సముద్రముల ఆవల ఇంకను ఊపిరి పీల్చుచున్నదన్నమాట!

అదే మాలేరి పొరలలో ముక్కు వంటి నోరుగల హైపెరోడపిడాన్ అను సరీసృపపు ఎముకలును దొరికినవి. ఇట్టి జంతువునే స్కాట్లండునందలి ఎల్గిన్ రాళ్ళనుండి హక్స్‌లీ పండితుడు వర్ణించియుండెను. 1869లో ఆయన ఈ రెండింటికిని గల సంబంధమును గుర్తించెను. ఏటిని ఈదుటయే కష్టమైన జంతువు అంతటి సముద్రములను ఎట్లు దాటెను? అది సముద్రమును దాటలేదు; ఆనాడు నడుమ సముద్రమే లేదు. సుమారు 22 కోట్ల సంవత్సరముల క్రిందట ఖండములన్నియు కలిసియుండెను.

సింగరేణి బొగ్గును ఈ సందర్భమున మరువరాదు. ఆ బొగ్గుపొరలలో గ్లాసోప్టెరిస్ అను చెట్టు ఆకుల ముద్రలు కలవు. నాలుక వలె పొడవైన ఆకులు. 1912లో దక్షిణ ధ్రువమునుండి మరలి వచ్చుచు మంచులో ప్రాణములు విడిచిన స్కాట్ బృందము, బలము సన్నగిల్లినను పారవేయక లాగికొని వచ్చిన 35 పౌండ్ల రాళ్ళలోను ఆ ఆకు ముద్రలే ఉండెను. నేడు చెట్టు మొలవని మంచుగడ్డయు, మన ఇల్లందును, ఒకే అడవి నీడన ఉండినవి. దక్షిణ ఖండములన్నియు ఒక్కటిగా నుండిన ఆ మహాభూమికి గోండుల సీమ పేర గోండ్వానా అను నామము లోకమంతట స్థిరపడినది.

పోచంపల్లి పెద్దకాలు

సిరొంచ తాలూకాలోని పోచంపల్లి పేరు అట్లు ప్రసిద్ధికెక్కినది 1958–61 నడుమ. మహలనోబిస్ స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థ వారు, లండను విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన పమేలా రాబిన్‌సన్ అను విదుషి మార్గదర్శకత్వమున, ఈ గ్రామపు చెంత త్రవ్వకములు సాగించిరి. సుమారు 300 ఎముకలు, వానితో పెద్ద చెట్ల మొదళ్ళు, ఒకే చోట బయల్పడెను. కనీసము ఆరు జంతువుల అవశేషములవి. ఒక తొడ ఎముక 1.7 మీటర్లకు పైబడిన పొడవుగలది! త్రవ్వువారు దానిని ‘పెద్దకాలు’ అని పిలువసాగిరి. 1975లో శాస్త్రీయ నామకరణము జరిగినపుడు ఆ పిలుపే బంగ భాషలో నిలిచి, రవీంద్రుని శతజయంతి స్మృతితో కలిసి, ‘బారాపాసారస్ టాగొరై’ అను పేరైనది. ఆ అస్థిపంజరము నేడు కలకత్తాలోని ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలిచియున్నది.

కోట స్తరములకే చెందిన మరియొక రాక్షసిబల్లి తెలంగాణమునందలి యామనపల్లి చెంత దొరికినది. దానికి 1988లో యాదగిరి అను శాస్త్రజ్ఞుడు ‘కోటాసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరిడెను. మన రెండు గ్రామముల పేర్లును లాటిను వేషముతో ప్రపంచ శాస్త్రమున ప్రవేశించినవి. దాని అస్థిపంజరమును హైదరాబాదునందలి బిర్లా విజ్ఞాన కేంద్రమున చూడవచ్చును.

ఈ రెండు జంతువులును పొడవైన మెడలతో చెట్ల ఆకులు మేసిన మహాకాయములలో మొదటి తరములవి. కోటాసారస్ దేహమున పూర్వికుల లక్షణములు కొన్ని నిలిచియున్నవి; రాబోవు వంశము లక్షణములు కొన్ని ప్రవేశించినవి. పరిణామమనగా ఫలితమా అని అడిగిన బాలునకు ఈ ఎముకలే సమాధానము. తరతరములుగా కొద్దికొద్దిగా మారుచు వచ్చుటయే పరిణామము.

ఇచట మరియొక పాఠమును కలదు. ఆ కోట స్తరములనుండియే మిక్కిలి చిన్నవగు పాలిచ్చు జంతువుల దంతములును దొరికినవి. 1981లో అందొకదానికి హాల్డేన్ పండితుని పేర ‘కోటథీరియం హాల్డేనై’ అను నామము పెట్టబడెను. మహాకాయముల పాదముల చెంత ఎలుకంత ప్రాణులు బ్రతికినవి. ఆనాడు చూచినవాడు భవిష్యత్తు ఎవరిదని చెప్పగలిగియుండునా? మహాకాయములు నశించినవి, పాలిచ్చు జంతువుల వంశమున మనము పుట్టితిమి. ఉత్క్రాంతి అను మాటను విని పరిణామమును మెట్లెక్కుటగా భావించు పిల్లవానికి ఈ దంతముల కథ చెప్పిన చాలును. అది మెట్ల వరుస కాదు, కొమ్మలు విరివిగా వేయు చెట్టు.

షోలాపురపు నల్లరాయి

మగ్గములను నమ్ముకొని మన పద్మశాలీ సోదరులు స్థిరపడిన షోలాపురమునకు ఈ కథతో సంబంధమేమని అడుగవచ్చును. షోలాపురపు నేల అడుగున నున్న నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి చీలికలనుండి పొంగి గడ్డకట్టిన లావా. ఈనాటికిని సుమారు అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల దక్కనును అది కప్పియున్నది. ఇట్టి నల్లరాయియే రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, గోదావరికి ఆవల పంగిడి పరిసరములందును కనిపించును. దాని రసాయన లక్షణములు పడమటి కనుమల లావాను పోలియుండుటచే, ఆ లావా పురాతనపు నదీలోయల వెంట సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి తూర్పు సముద్రమును చేరినదని పరిశోధకులు ఊహించిరి. అదియే నిజమైనచో లోకమున తెలిసిన లావా ప్రవాహములలో మిక్కిలి పొడవైన వానిలో నొకటి అదియే. మన తాతలు తూర్పునుండి పడమటికి వలస వచ్చిరి. నల్లరాయి అంతకు ఎంతయో ముందు పడమటినుండి తూర్పునకు పోయినది!

బడిలో నేటి స్థితి

2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి వారు పాఠ్యభారమును తగ్గించు ఉద్దేశముతో పదవ తరగతి పుస్తకమునుండి జీవపరిణామ భాగమును తొలగించిరి. ‘అనువంశికత – పరిణామము’ అను అధ్యాయము ‘అనువంశికత’ గా మిగిలినది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును ఆ భాగమును మరల చేర్పవలెనని బహిరంగ లేఖ వ్రాసిరి. పండ్రెండవ తరగతి జీవశాస్త్రమున ఆ విషయము ఉంచబడినది. కాని పదవ తరగతితో విజ్ఞాన శాస్త్రమును విడుచు పిల్లలకు అది అందదు. మన సంఘములలో చదువు త్వరగా ముగించి పనిలో చేరు పిల్లలు ఎందరో కలరు. వారికి బడిలో దొరికినదే దొరికినట్లు.

విజ్ఞానమును తెలుగున చెప్పుట సాధ్యమా అని శంకించువారికి సరిహద్దు తెలుగువాని చరిత్రయే సమాధానము. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు నాగపురమున చదివినవారు, మరాఠీలోను వ్రాసినవారు. ఆ భాషలో శాస్త్ర వాఙ్మయము పెరుగుటను చూచినవారు గనుకనే 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రను, శాస్త్రములను తెలుగు పాఠకులకు అందించుటకు పూనుకొనిరి. రెండు భాషల నడుమ బ్రతుకుట వారికి లోపము కాలేదు, బలమైనది.

కావున మన సంఘములకు మూడు మనవులు. తెలుగు, మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా పదములను పక్కపక్కన నిలిపిన చిన్న విజ్ఞాన పదకోశమొకటి సిద్ధము కావలెను. గడ్చిరోలి జిల్లాలోనే వడధం శిలాజ వనము కలదు. విహారయాత్రలకు పోవు మన విద్యార్థులు దానిని, హైదరాబాదు కోటాసారస్‌ను చూచి రావలెను. మూడవది అందరికంటె సులభము. ప్రతి బడిలోను ఒక పెట్టెయుంచి, అందులో ఒక నల్లరాయిని, ఒక బొగ్గుగడ్డను, ఒక ఇసుకరాతి ముక్కను ఉంచవలెను. శిలాజములను మాత్రము ఉన్నచోటినుండి కదల్పరాదని పిల్లలకు నేర్పవలెను. అవి ఒకరి సొత్తు కావు. స్థానము తప్పిన ఎముక సాక్ష్యమును కోల్పోవును.

ఆ బాలుడు ప్రశ్నించిన మరునాడు నేను తరగతికి ఒక నల్లరాతి ముక్కను తీసికొనిపోయితిని. అది చేతినుండి చేతికి మారినది. “ఇది మన గోడలోని రాయే గదా సార్!” అని వాడే అనెను. అవును, మన గోడలోని రాయియే. దాని వయస్సు ఏబది అయిదు లక్షల పుష్కరములని చెప్పితిని. ఆ దినమున గంట కొట్టినను ఎవరును లేవలేదు.