పి53: దోషిగా పుట్టి కాపరిగా తేలిన ప్రోటీన్

1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్ ఎస్‌వీ40 అనే కోతి వైరస్‌ మామూలు కణాల్ని కేన్సర్ దారి ఎలా పట్టిస్తుందో చూస్తున్నారు. వైరస్ ప్రోటీన్‌ను వేరుచేస్తే, దాన్ని అంటిపెట్టుకుని కణానికే చెందిన మరో ప్రోటీన్ బయటపడింది. అదే ఏడు ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవిన్‌కూ, న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందానికీ అదే దొరికింది. జెల్ మీద దాని బరువు 53 కిలోడాల్టన్లుగా కనిపించడంతో పి53 అన్నారు. అసలు బరువు సుమారు 44 మాత్రమే.

కేన్సర్ కణాల్లో అది కుప్పలుగా ఉండటంతో కణితిని పెంచేది అదేననుకున్నారు. ఆ నింద పదేళ్లు నిలిచింది. 1989లో బాల్టిమోర్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు కణితుల్ని పరీక్షించింది. 17వ క్రోమోజోమ్‌పై ఉండే పి53 జన్యువు ఒక ప్రతి పోయి, రెండోది చెడిపోయి కనిపించింది. అంటే అది పనిచేయకపోవడమే కణితికి కలిసొస్తోంది. డీఎన్‌ఏ దెబ్బతింటే పి53 కణ విభజనను ఆపుతుంది. మరమ్మతు కుదరకపోతే ఆ కణం తనంతట తాను చచ్చేలా చేస్తుంది. అందుకే 1992లో లేన్ దాన్ని జీనోమ్ సంరక్షకుడన్నాడు.

మరి ఆ కుప్పల మాటేమిటి? మంచి పి53ని ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ పుట్టిన కొద్ది నిమిషాల్లోనే ఖాళీ చేయిస్తుంది. చెడినది అలా పోదు, పేరుకుపోతుంది. కేన్సర్ కణితుల్లో తొలి పరిశోధకులు చూసింది చాలావరకు ఈ చెడిన సరుకే.

అన్నవాహిక కేన్సర్లలో పి53 జన్యువును చెడగొట్టే మార్పులు (మ్యుటేషన్లు) తరచుగా ఉంటాయని 1990లో తెలిసింది. తర్వాత కేన్సర్ కాకముందే, కణాల తీరు మారే డిస్‌ప్లాసియా దశలోనే, ఆ మార్పు పట్టుబడింది. పొగాకు, మద్యంతో ముడిపడిన పొలుసు కణాల కేన్సర్‌లోనూ, ఆమ్లం ఎగదన్ని లోపలి పొర మారిపోయే బారెట్స్‌లోనూ ఇదే వరస. బయాప్సీ ముక్కకు పి53ని చూపే రంగు వేస్తే, చెడిన పి53 పేరుకున్న కణకేంద్రకాలు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. రంగు బొత్తిగా పట్టకపోయినా అనుమానించాల్సిందే: జన్యువు పూర్తిగా దెబ్బతిని ప్రోటీనే తయారుకాకపోవచ్చు. బారెట్స్‌లో డిస్‌ప్లాసియాను నిర్ధారించడానికి ఈ పరీక్షను తోడుగా వాడవచ్చని బ్రిటిష్ వైద్య మార్గదర్శకాలు 2014లో చెప్పాయి.

2018లో శాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికల్లోనూ పి53 చెడిన కణాల గుంపుల్ని చూశారు. కాబట్టి రిపోర్టులో పి53 అసహజమని రాసి ఉంటే, అది కేన్సర్ తీర్పు కాదు. కణాల రూపంతో కలిపి చదివితేనే దాని అర్థం తేలుతుంది.