నడక రాకముందే తుంటి లోపం గుర్తించాలి

వరంగల్: తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగా కుదురుకోని లోపం ఆడశిశువుల్లో, ఎదురుకాళ్లతో పుట్టినవారిలో ఎక్కువ. నొప్పి ఉండనందున తల్లిదండ్రులు గుర్తించలేరు. తొడ మడతల్లో, కాళ్ల పొడవులో తేడా, కుంటి నడక దీని లక్షణాలు. 6 నెలలలోపు గుర్తిస్తే చాలామందికి పట్టీలతోనే కీలు కుదురుకుంటుంది. ఆ తర్వాత మత్తు ఇచ్చి కీలును సరిచేసి పిండికట్టు వేస్తారు. ఏడాదిన్నర దాటితే సాధారణంగా శస్త్రచికిత్స తప్పదు. తుంటి ఎముకను కోసి, గిన్నెను తొడ ఎముక తలపైకి వంచే పద్ధతిని కెనడా వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1961లో వెల్లడించారు. కీలు బాగా పైకి జారితే తొడ ఎముక పొడవునూ కొంత తగ్గిస్తారు. వయసు పెరిగేకొద్దీ గిన్నె సర్దుకునే శక్తి తగ్గుతుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల్లో ఈ లోపమూ ఉంది. అనుమానం ఉంటే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రిలో ఎముకల వైద్యునికి వెంటనే చూపించాలి.