మైలాపూరా, త్యాగరాయనగరా? ఇల్లు వెతుక్కోవడంలో నగర చరిత్ర

మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నవారు. బదిలీ మీద కొత్త ఊరికి వెళ్ళి, రెండు పేటల మధ్య ఎటూ తేల్చుకోలేక తిరిగిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్ళు రోజూ వస్తాయా, ఆఫీసుకు బస్సు ఉందా, చుట్టుపక్కల ఎలాంటివాళ్ళు ఉంటారు అని అడిగి ఉంటారు. ఈ ప్రశ్నల్లో దేనికైనా సరైన జవాబు కావాలంటే యాభై వంద ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఒక పేటలో నీళ్ళు ఎందుకు నిలుస్తాయో, ఇంకో పేటలో ఇల్లు కొన్నా నేల మనది ఎందుకు కాదో ఇంటి ప్రకటనలో రాయరు. ఈ పాఠంలో మద్రాసు నగరంలోని రెండు పేటలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి మైలాపూరు, రెండోది త్యాగరాయనగర్. ఈ రెండింటినే ఎంచుకోవడానికి కారణముంది. ఇరవయ్యో శతాబ్దంలో మద్రాసు చేరిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ రెండింటి మధ్యే తర్జనభర్జన పడ్డాయి. 1980లలో పరిశోధక విద్యార్థిగా నేనూ పడ్డాను.

మైలాపూరు మద్రాసు కంటే చాలా పాతది. ఈస్టిండియా కంపెనీ 1639లో మద్రాసులో స్థలం సంపాదించేనాటికే మైలాపూరు ఒక ఊరు. దాని సముద్రపు అంచున శాంథోమ్‌లో పోర్చుగీసువారు అప్పటికే స్థిరపడ్డారు. కపాలీశ్వరాలయం, దాని పడమట కోనేరు, చుట్టూ నాలుగు మాడవీధులు, వాటిని ఆనుకుని వరస ఇళ్ళు: ఊరు ఈ క్రమంలో పెరిగింది. లజ్ వైపు విశాలమైన తోట బంగళాలు వెలిశాయి. 1892లో హైకోర్టు కొత్త భవనం వచ్చింది, 1895లో ఎలక్ట్రిక్ ట్రాములు మొదలయ్యాయి. ఆ దారి పట్టుకుని పెద్ద పెద్ద వకీళ్ళు మైలాపూరును తమ పేటగా చేసుకున్నారు. మైలాపూరు అంటే చదువు, పలుకుబడి అన్న పేరు అప్పటిదే. ఆ పేరుకు ధర కట్టి కొనేవాళ్ళు నేటికీ ఉన్నారు.

త్యాగరాయనగర్ అలా పెరిగినది కాదు, కాగితం మీద గీసి కట్టింది. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు పొడుగ్గా సాగిన ఒక చెరువు ఉండేది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని లాంగ్ ట్యాంక్ అనేవారు. నగరం కిక్కిరిసిపోతున్న రోజుల్లో, 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం అండతో, జస్టిస్ పార్టీ ప్రభుత్వ కాలంలో మాంబళం దగ్గర కొత్త పేటకు పథకం వేశారు. నడుమ పార్కు, అక్కడి నుంచి నలుదిక్కులా వెడల్పాటి రోడ్లు, వాటి వెంట కొలిచి విడదీసిన ప్లాట్లు. చెరువు నేలను క్రమంగా ఎండగట్టి ఇళ్ళకు ఇచ్చారు. పేటకు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు, నడుమ పార్కుకు పానగల్ రాజా పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువారే. పానగల్ రాజా అసలు పేరు పానుగంటి రామరాయణింగారు. ఆయన 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి. జి.ఎన్. చెట్టి రోడ్డు, ఉస్మాన్ రోడ్డు, బజుల్లా రోడ్డు, హబీబుల్లా రోడ్డు, తణికాచలం రోడ్డు: ఈ పేర్లు వరసగా చదవండి. హిందువులు, ముస్లింలు, బ్రాహ్మణేతర నాయకులు వీధి పలకల మీద కలిసి ఉన్నారు. మైలాపూరు మాడవీధుల పేర్లతో పోల్చి చూస్తే, ఈ పేట ఎవరి ఆలోచనలోంచి పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. 1931లో బీచ్ నుంచి తాంబరం వరకు ఎలక్ట్రిక్ రైళ్ళు మొదలయ్యాయి. మాంబళం స్టేషన్ దగ్గర ఉన్న గుమాస్తాకు ఇక ట్రాముతో పని లేకపోయింది.

మరి తెలుగువాళ్ళు ఎటు వెళ్ళారు? ముందు తరం మైలాపూరు వైపు మొగ్గింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ అక్కడే ఉంది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం చేసుకున్నది ఆ ఇంట్లోనే. దాన్నే శ్రీబాగ్ ఒడంబడిక పేరుతో మీరు ఇదివరకే చదివారు. బులుసు సాంబమూర్తిగారు ఉన్నదీ మైలాపూరులోనే. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసింది ఆ ఇంట్లోనే. రాజకీయాలు, పత్రికలు, వకీలు వృత్తి ఉన్నవాళ్ళకు మైలాపూరు దగ్గర. తర్వాతి తరానికి పని వేరు. కోడంబాకం, వడపళని ప్రాంతాల్లో స్టూడియోలు వచ్చాక సినిమావాళ్ళకు త్యాగరాయనగర్ దగ్గరైంది. ఎన్.టి. రామారావుగారి ఇల్లు బజుల్లా రోడ్డులోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ప్రభుత్వ ఉద్యోగులు కర్నూలుకు తరలిపోయినా సినిమా పరిశ్రమ చాలాకాలం కదలలేదు. తెలుగువాళ్ళు మద్రాసును వదులుకున్నారు అని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో రాసేస్తాం గానీ, పేటల వారీగా చూస్తే ఆ వదులుకోవడం అంత తొందరగా జరగలేదు.

ఇక కొనడం సంగతి. మైలాపూరులో గుడికి చాలా స్థలాలు ఉన్నాయి. అందుకే అక్కడ కొన్ని ఇళ్ళకు గోడలు, కప్పు ఒకరివి, కింద నేల దేవుడిది. నేలకు అద్దె కడుతూ తరాల తరబడి ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇల్లు చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే, వాళ్ళు అమ్ముతున్నదేమిటో ముందు తెలుసుకోవాలి. త్యాగరాయనగర్‌లో పథకం కింద విడదీసిన ప్లాటైతే హక్కు గొలుసును వెనక్కి లాగుతూ పోతే ఆ పథకం దగ్గర తేలుతుంది. కాగితాలు అంత పొడుగు ఉండవు. అద్దెకు ఉండేవాళ్ళకు రెండు పేటల్లోనూ ఒకే చట్టం. యుద్ధకాలపు ఇళ్ళ కొరత తర్వాత 1946లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం, మార్పులతో 1960 చట్టంగా మారి, చాలా ఏళ్ళు సాగింది. అంతకుముందు 1942 ఏప్రిల్‌లో జపాన్ దాడి భయంతో జనం మద్రాసు ఖాళీ చేసినప్పుడు ఇళ్ళు అగ్గువకు పోయాయి. భయం రోజున కొన్నవాళ్ళు బాగుపడ్డారు. ఇళ్ళ ధరలు మంచిచెడులను బట్టే కదులుతాయనుకునేవారికి ఇదొక పాఠం.

నీటి విషయంలో నేను త్యాగరాయనగర్ పక్షాన మాట్లాడలేను. చెరువును కాగితం మీద కొట్టేయగలం కానీ పల్లాన్ని కొట్టేయలేం. 2021 నవంబరు వానలకు ఆ పేట వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. రైలు పట్టాలకు అవతల పడమటి మాంబళం దోమలు మద్రాసంతా ఎరిగినవే. వాటితో నాకు మూడేళ్ళ పరిచయం. మైలాపూరు సముద్రం దగ్గరి ఇసుక నేల. వాన త్వరగా ఇంకుతుంది కానీ కరువొస్తే కోనేరు ఎండిపోయి బావులు అడుగంటుతాయి. కృష్ణా నీళ్ళ కోసం తెలుగుగంగ ఒప్పందం 1983లో కుదిరినా, ఆ నీళ్ళు మద్రాసుకు చేరింది 1996లో. నడిమి ఏళ్ళలో ఏ పేటవాళ్ళయినా లారీ నీళ్ళ కోసం బిందెలు వరసలో పెట్టినవాళ్ళే.

నేను పడమటి మాంబళంలో ఎందుకు ఉన్నానో చెబుతాను. ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో పనికి మైలాపూరు బాగుంటుందని ఒక మిత్రుడు మాడవీధి పక్కన ఇల్లు చూపించాడు. ఇల్లు చక్కగా ఉంది, బావి కూడా ఉంది. ఇంటాయన నా ఉద్యోగం అడగలేదు, అద్దె కట్టగలనా అని అడగలేదు. మా కులం, మా ఇంట్లో ఏం వండుతారు అన్న రెండే రెండు ప్రశ్నలు అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే మా ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మం దిగింది. ఆ సాయంత్రమే మాంబళంలో మరో ఇల్లు చూశాం. ఆ ఇంటావిడ రోజుకు ఎన్ని బిందెలు వాడతారు అని మాత్రం అడిగింది. అడ్వాన్స్ ఇచ్చేశాం. ఆ ఇంట్లో గాలి సరిగ్గా ఆడేది కాదు, వానాకాలంలో గడప దాకా నీళ్ళొచ్చేవి, అయినా ఆ నిర్ణయం మీద మేమెప్పుడూ విచారించలేదు. ఒక్క ఇంటిని బట్టి పేట మొత్తాన్ని తూచడం చరిత్రకారుడు చేయకూడని పనే. కానీ గుడి చుట్టూ వంశాల వారీగా స్థిరపడిన వీధిలో కొత్తవాడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటి, ప్లాట్లుగా విడదీసి అమ్మిన వీధిలో ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి కావడంలో ఆశ్చర్యం లేదు. అలాగని ప్లాట్ల పేటలో కులం అడగరని కాదు, అక్కడ దాన్ని అద్దె అంకెలో దాచి అడగడం కూడా నేను తర్వాత చూశాను.

అభ్యాసం: మీరు ఉంటున్న ఊళ్ళో అద్దె దాదాపు ఒకటిగా ఉన్న రెండు పేటలు ఎంచుకోండి. ఇళ్ళు రాకముందు అక్కడ ఏముండేదో పాత అడంగల్ లేదా పహాణీలో చూడండి. పేరులో చెరువు, కుంట, తోట, గంజ్ లాంటి మాట ఉంటే దాన్ని వదలకండి. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ దగ్గర ట్యాంక్ కోసం వెతికితే దొరకదు. మొదట అక్కడ స్థిరపడినవారు ఎవరు, ఏ పని కోసం వచ్చారు, వాళ్ళను అక్కడికి చేర్చిన రోడ్డో రైలో ఏ సంవత్సరంలో వచ్చిందో రాసుకోండి. రెండు పేటల్లోనూ ముప్పై ఏళ్ళకు పైగా అద్దెకు ఉన్న ఒక్కొక్కరితో మాట్లాడండి. సొంత ఇంటివాళ్ళు తమ పేట గురించి చెడు చెప్పరు, కాబట్టి అద్దెవాళ్ళనే అడగండి. మీ పరిశీలనను నాలుగు పేజీలకు మించకుండా రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.