తల్లి తిండి, బిడ్డ వెన్ను

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు నెత్తురు తగ్గి, పాలిపోయి ప్రాణాలు వదులుతున్నారు. ఎవరెవరి ఇళ్లలో ఏం తింటున్నారో ఆమె ఓపిగ్గా విచారించారు. పళ్లు, కూరగాయలు అందని పేదిళ్లలోనే జబ్బు ఎక్కువగా కనిపించింది. అలాంటి తిండే పెట్టిన కోతులకూ రక్తహీనత వచ్చింది. బ్రెడ్డు మీద రాసుకునే మార్మైట్ అనే చవకైన ఈస్ట్ సారం ఇవ్వగానే అవి కోలుకున్నాయి. గర్భిణులూ కోలుకున్నారు. 1931లో ఆమె ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు ఆ సారంలో ఉన్న మందేమిటో ఎవరికీ తెలియదు. రోగం తగ్గించే దినుసు తల్లి పళ్లెంలోనే ఉండాలన్న సంగతి మాత్రం తేలిపోయింది. నా దృష్టిలో గర్భిణుల పోషణ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద అడుగు ఇదే.

  

1941లో అమెరికాలో పాలకూర నుంచి రోగం తగ్గించే ఆ పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అన్నారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సోదరుణ్ణి స్ప్రూ అనే పేగు వ్యాధికి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ వ్యాధికీ మందుగా పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీని 1945లో ఆయన బృందం ప్రకటించింది. బొంబాయి కార్మిక స్త్రీల నెత్తురులో మొదలైన ప్రశ్నకు మన గోదావరి బిడ్డ అలా మాత్ర రూపంలో జవాబు ఇచ్చాడు.

అప్పటిదాకా ఆలోచన అంతా తల్లి రక్తం గురించే. బిడ్డ సంగతి తేలడానికి ఇంకో నలభై ఏళ్లకు పైగా పట్టింది. పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ తెరుచుకున్న వెన్నుతో పుట్టవచ్చు. అంతకుముందు అలాంటి గర్భం వచ్చిన స్త్రీలకు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ ముప్పు 72 శాతం తగ్గిందని 7 దేశాల్లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్ష 1991లో తేల్చింది. 1998లో అమెరికా పిండిలో దాన్ని కలపడం తప్పనిసరి చేసింది.

మన దేశంలో కథ ఇంకో మలుపు తిరిగింది. 1993లో పుణె దగ్గరి ఆరు పల్లెల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణుల తిండినీ పనినీ నమోదు చేయడం మొదలుపెట్టింది. ఆకుకూరలు, పళ్లు, పాలు ఎక్కువగా తీసుకున్న తల్లుల బిడ్డలు కాస్త పుష్టిగా పుట్టారు. పొలం పని, నీళ్లు మోయడం లాంటి శ్రమ ఎక్కువైన తల్లుల బిడ్డలు చిన్నగా పుట్టారు. ఆ తల్లుల్లో మూడింట రెండొంతుల మందికి బీ12 విటమిన్ తక్కువ. ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం జాతి విటమిన్) బాగా ఉండి బీ12 తక్కువైన తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు కనిపించాయని 2008లో ప్రకటించారు. ఒక్క మాత్రతో తీరే లోటు కాదన్నమాట.

ఇక ఆ పల్లెల్లో కనిపించిన శ్రమ సంగతి. శ్రమకూ వ్యాయామానికీ తేడా ఉంది. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని హద్దు గీసింది. 1994లో ఆ హద్దు ఎత్తేసింది. చిక్కులు లేని గర్భిణి వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేయాలని, ముందునుంచీ గట్టి సాధన అలవాటున్న స్త్రీలు దాన్ని కొనసాగించవచ్చని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎండలో నాట్లు వేసి, ఇంటికొచ్చి బిందెలు మోసే తల్లికి వ్యాయామం కాదు, విశ్రాంతి కావాలి.

మన ప్రభుత్వ పథకంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన రోజువారీ మాత్ర నాలుగో నెల నుంచి 180 రోజులు ఇస్తారు. రక్తానికి అది మేలే, కానీ బిడ్డ వెన్ను అప్పటికే తయారైపోయి ఉంటుంది. అందుకే పెళ్లయిన అమ్మాయిలూ, వాళ్ల అత్తలూ అమ్మలూ, నెల తప్పేదాకా ఆగకండి. తోటకూర, పాలకూర, పప్పు తినండి, కూర ఉడికిన నీళ్లు పారబోయకండి, పాలో గుడ్డో మానకండి. బిడ్డ కావాలనుకున్నప్పుడు కనీసం ఒక నెల ముందే డాక్టరును అడిగి ఫోలిక్ మాత్ర మొదలుపెట్టండి.